డ్రోను అదురు: వినకూడని సలహాలు

"ఎగిరింది కదా బాబాయ్, ఇంకేం చూడాలి?"

మందు కొట్టే డ్రోన్ల చుట్టూ కృష్ణా డెల్టాలో తిరుగుతున్న సలహాలన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ ఒక్క మాటే. కొబ్బరి మట్టకు తగిలి ఆర్మ్ విరుగుతుంది, కొత్తది వేస్తారు. ఫ్లైట్ కంట్రోలరు విప్పి మళ్లీ బిగిస్తారు. ఊడిన కంపాస్‌ను అతికిస్తారు. ఆపైన గట్టు మీద పది అడుగులు లేపి, అర నిమిషం గాల్లో నిలబెట్టి, దించి, "ఓకే" అనేస్తారు. ఆ వెంటనే ట్యాంకు నిండా మందు పోసి చేలోకి వదులుతారు. గుడివాడ చెరువుల పక్కనున్న చేలల్లో చూసినా, బందరు చుట్టుపక్కల చూసినా, దివిసీమలో చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు వైపు చూసినా ఇదే వరస.

ఖాళీ ట్యాంకుతో, గాలి లేని పొద్దుటి పూట, అర నిమిషం నిలబడిన డ్రోను అర నిమిషం నిలబడగలదని మాత్రమే రుజువు చేస్తుంది. పొలంలో అది చేయాల్సిన పని అది కాదు.

డ్రోను లోపలున్న సెన్సర్లు రెండే ప్రశ్నలకు జవాబు చెబుతుంటాయి. నేను ఎటు వాలి ఉన్నాను? నా ముక్కు ఏ దిక్కుకు ఉంది? వాలు సంగతి ఫ్లైట్ కంట్రోలరులోని ఐఎంయూ చూసుకుంటుంది. అంటే గైరో, యాక్సిలరోమీటరు కలిసి ఉన్న చిన్న చిప్పు. దిక్కు సంగతి కంపాస్ చూసుకుంటుంది. గైరో లోపల కంటికి ఆనని సిలికాన్ ముక్క ఒకటి సెకనుకు వేల సార్లు ఊగుతూ ఉంటుంది. డ్రోను తిరిగినప్పుడు ఆ ఊపులో వచ్చే తేడాను బట్టే తిరిగిన వేగం తెలుస్తుంది. 2015లో దక్షిణ కొరియా పరిశోధకులు కొన్ని గైరోలకు సరిగ్గా వాటి ఊపుకు సరిపోయే శబ్దాన్ని వినిపించి, ఎగురుతున్న డ్రోనును పడగొట్టి చూపించారు. ఉత్త శబ్దానికే తడబడే వస్తువును తీసుకెళ్లి ఆరు పెద్ద మోటార్ల మధ్య బిగిస్తున్నాం. యాక్సిలరోమీటరుదీ ఇలాంటి ఇబ్బందే. భూమి లాగుతున్న బరువేదో, ఫ్రేము అదురేదో దానికి విడివిడిగా తెలియదు, వచ్చినదంతా కలిపి చెప్పేస్తుంది.

అదురును కొంతమేరకు సాఫ్ట్‌వేరు మింగేస్తుంది. మింగేస్తోంది కాబట్టే పైకి కనపడదు. దాని శక్తి దాటిన క్షణంలో మాత్రం లెక్క ఒక్కసారిగా తలకిందులవుతుంది. కిందకి పడిపోతున్నానని డ్రోను భ్రమపడి, స్టిక్ మీద వేలు లేకపోయినా మోటార్లన్నిటినీ పెంచేసి పైకి లేచిపోతుంది. లేదంటే ఒక పక్కకు లాగుతుంది. అలాంటప్పుడు "గాలి లాగేసింది" అనేస్తారు. గాలి లాగిందో, లెక్క తప్పిందో డ్రోను తనలో రాసుకున్న లాగ్ తీస్తే తెలుస్తుంది. తీసేవాళ్లే తక్కువ.

లాగ్‌లో చూడాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఆర్డూపైలట్ సాఫ్ట్‌వేరుతో నడిచే డ్రోనైతే ఎగిరిన ప్రతిసారీ "వైబ్" అనే వరస నమోదవుతుంది. ముందువెనకలు, పక్కలు, పైకిందులు, ఇలా మూడు గీతలు. మీటరు పర్ సెకండ్ స్క్వేర్డ్ కొలతలో 30 లోపు ఉంటే నిశ్చింత. 30 దాటితే ఇబ్బంది మొదలైనట్టు. 60 దాటితే ఎత్తు పట్టుకోవడమో, చోటు పట్టుకోవడమో దాదాపు తప్పకుండా దెబ్బతింటుంది. దాని పక్కనే క్లిప్పింగ్ అనే లెక్క ఒకటి ఉంటుంది. సెన్సరు తన కొలత హద్దును తాకిన ప్రతిసారీ ఆ అంకె పెరుగుతుంది. అది సున్నా మీద నిలబడి ఉండాలి. ఎగురుతుండగా పెరుగుతూ పోతోందంటే ఇక ఆ రోజు పనికి స్వస్తి చెప్పి డ్రోనును బల్ల మీదకు ఎక్కించాల్సిందే. మీ డ్రోనులో కంపెనీ సొంత యాప్ ఉండి ఇవేవీ కనపడకపోతే, సర్వీసుకు ఇచ్చినప్పుడు బిల్లుతో పాటు అదురు గ్రాఫు కూడా అడగండి. అడిగితే ఇవ్వాల్సిన వస్తువే అది.

"ట్యాంకు ఖాళీగా పెట్టి చూడు, పడినా నష్టం ఉండదు"

చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. పడితే మందు పోతుందనే బెంగ ఉంటుంది. మందు వద్దు, నేనూ ఒప్పుకుంటాను. కానీ నీళ్లు పోయండి. దీని మీద కొంచెం లెక్క చెప్పక తప్పదు, ఎందుకంటే పొలాల్లో డ్రోన్లు దారి తప్పే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇక్కడే ఉంటుంది.

పది లీటర్ల డ్రోను ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 24 కిలోలు, ఖాళీ అయ్యాక 14 కిలోలు అనుకుందాం. నిండు బరువుతో గాల్లో నిలబడటానికి ప్రొపెల్లర్లు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నాయనుకుందాం. అంటే సెకనుకు 50. ఒక్కో ప్రొపెల్లరుకు రెక్కలు రెండు, కాబట్టి ఆర్మ్ మీద గాలి తాకిడి సెకనుకు 100 సార్లు పడుతుంది. ఇక మందు కొడుతూ పోతుంటే బరువు తగ్గుతుంది, చుట్లూ తగ్గుతాయి. ఎత్తే బలం చుట్ల వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ట్యాంకు ఖాళీ అయ్యేసరికి 3,000 కాస్తా 2,300 దగ్గరికి దిగుతుంది. సెకనుకు 50 అన్నది 38 అవుతుంది. 100 అన్నది 76 అవుతుంది.

ప్రతి ఫ్రేముకూ, ప్రతి ఆర్మ్‌కూ, కంపాస్‌ను నిలబెట్టిన ప్రతి కడ్డీకీ తనకంటూ ఒక సొంత ఊపు ఉంటుంది. మోటార్ల అదురు సరిగ్గా ఆ ఊపుతో కలిసినప్పుడు చిన్న అదురే పెద్దదైపోతుంది, ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే చిటికెన వేలితోనైనా పైదాకా లేచినట్టు. ఆ సొంత ఊపు సెకనుకు 44 దగ్గర ఉందనుకోండి. ఖాళీ ట్యాంకుతో పరీక్ష చేస్తే కనపడదు. నిండు ట్యాంకుతో చేసినా కనపడదు. చేను మధ్యలో, ట్యాంకు సగం ఖాళీ అయిన చోట, గట్టు మీద నిలబడ్డ మీకు వంద గజాల దూరంలో కనపడుతుంది. "ఎప్పుడూ సగం మడి కొట్టాకే తేడా చేస్తోంది" అనే ఫిర్యాదు మీ చెవిన పడి ఉంటే దాని అర్థం ఇదే కావచ్చు. బ్యాటరీ మీద అనుమానపడి కొత్త బ్యాటరీకి డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

అందుకని నిండు ట్యాంకుతో ఒకసారి, సగంతో ఒకసారి, ఖాళీగా ఒకసారి ఎగరేయాలి. పంపు ఆన్ చేసే ఎగరేయాలి. ఆ పంపు కూడా ఒక మోటారే, దాని అదురు దానికి ఉంది. ఉత్తినే నిలబెట్టి ఊరుకోకుండా నాలుగు సాళ్లు అటూ ఇటూ తిప్పండి. సాలు చివర డ్రోను బ్రేకు వేసి వెనక్కి మళ్లేటప్పుడు ట్యాంకులో నీళ్లు ఒక పక్కకు కొట్టుకుంటాయి. వాలు కొలిచే సెన్సరుకు అసలు పరీక్ష ఆ మలుపులో జరుగుతుంది. ట్యాంకు లోపల అడ్డుపలకలు విరిగిపోయి ఉంటే కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంతకంటే దారుణమైన సలహా ఒకటుంది: డ్రోను కాళ్లకు ఇసుక బస్తాలు కట్టి, నేల మీదే మోటార్లు పూర్తిగా తిప్పి చూడమనడం. నేలకు కట్టేసిన ఫ్రేము గాల్లో ఉన్న ఫ్రేములా ఊగదు. వచ్చిన అంకె దేనికీ పనికిరాదు. తాడు తెగితే మాత్రం 30 అంగుళాల ప్రొపెల్లరు మనిషి మోకాలి ఎత్తులో ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తుంటే ఆపండి.

"రెక్క కొసన చిన్న పెచ్చేగా, నడిచిపోద్ది"

నడవదు. 30 అంగుళాల ప్రొపెల్లరు అంచున ఒక్క గ్రాము తగ్గిందనుకోండి. నిమిషానికి 3,000 చుట్ల దగ్గర ఆ ఒక్క గ్రాము తేడా మోటారు ఇరుసును దాదాపు 4 కిలోల బలంతో పక్కకు లాగుతుంది. అదీ ఒకే వైపుకు కాదు, సెకనుకు 50 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతుంది. రెక్క మీద ఎండిపోయిన మందు పొడి, బురద కూడా గ్రాముల్లోనే తూగుతాయి. అందుకే ఒక రెక్క మారిస్తే దానికి జతగా ఉన్నదీ మార్చాలి. కంపెనీ వాళ్లు రెండు రెక్కలను తూచి జత కలిపి అమ్ముతారు, ఆ జతను విడదీయకూడదు. మడత రెక్కల దగ్గర బోల్టు బిగింపు రెండు వైపులా ఒకేలా ఉందో లేదో చేత్తో ఊపి చూడండి. ఒకటి వదులుగా, ఒకటి బిరుసుగా ఉంటే ఎంత ఖరీదైన సెన్సరు పెట్టినా ప్రయోజనం లేదు.

బందరు, కోడూరు, నాగాయలంక వైపు వాళ్లు బేరింగుల మీద ఇంకో కన్నేసి ఉంచాలి. ఉప్పు గాలి, మందు తడి కలిస్తే మోటారు బేరింగు సీజను తిరక్కుండానే గరగరమంటుంది. మోటారు ఆపి ఉండగా రెక్కను వేలితో మెల్లగా తిప్పి చూడండి. నున్నగా తిరగాలి. ఎక్కడైనా చిన్న ఆటంకం వేలికి తగిలితే లాగ్‌లో అదురు గీత ఎలాగూ పెరిగి ఉంటుంది.

"మెత్తటి స్పాంజి మందంగా వేసేయ్, అదురంతా అదే తాగేస్తుంది"

ఈ సలహా సగం నిజం కాబట్టి ఎక్కువ మంది నమ్ముతారు. స్పాంజి మీద పెట్టిన వస్తువుకూ సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపుకు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన వేగంతో వచ్చే అదురునే స్పాంజి తగ్గించగలదు. దానికంటే నెమ్మదిగా వచ్చేదాన్ని అలాగే పైకి పంపుతుంది. తన ఊపుకు దగ్గరగా వచ్చినదాన్ని పెంచి మరీ పంపుతుంది. ఫ్లైట్ కంట్రోలరు తేలికైన వస్తువు, పట్టుమని వంద గ్రాములు కూడా ఉండదు. దాని కింద మందపాటి మెత్తటి స్పాంజి వేస్తే పెట్టె మొత్తం ఊగడం మొదలెడుతుంది. ఫ్రేము ఒక పక్కకు వాలితే పెట్టె కొంచెం ఆలస్యంగా వాలుతుంది. ఆ ఆలస్యాన్ని సరిదిద్దబోయి డ్రోను జబ్బు మనిషిలా తూలుతుంది.

దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకో తప్పు కనపడుతుంది. పెట్టె కింద నాలుగు మూలలా చక్కటి రబ్బరు బుష్‌లు ఉంటాయి. పెట్టె పక్కల నుంచి మాత్రం పదీ పన్నెండు వైర్లు బిగుసుకుపోయిన జిప్ టైతో ఫ్రేముకు గట్టిగా కట్టేసి ఉంటాయి. వేలితో పెట్టెను నొక్కితే కదలదు, ఎందుకంటే దాన్ని పట్టుకుని ఉన్నది బుష్‌లు కాదు, వైర్ల కట్ట. అదురంతా వైర్ల దారిన లోపలికి వెళ్లిపోతుంది. ఆ జిప్ టైని ఒకదాన్ని కోసి, వైర్లకు రెండు వేళ్ల వంపు వదిలితే అదురు సగానికి సగం తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. సామాను ఏమీ కొననక్కర్లేదు.

డబుల్ టేపు గురించి ఒక్క మాట. రోహిణి కార్తె ఎండలో జిగురు కారి జారిపోతుంది. డిసెంబరు పొద్దుల్లో దివిసీమలో మంచు కురిసి మినుము చేలు తడిసి ఉన్నప్పుడు అదే టేపు గట్టిపడుతుంది. వేసవిలో పరీక్షించి బాగుందనుకున్న బిగింపు చలికాలంలో అలాగే ఉంటుందని నమ్మకండి. వరికి సుడిదోమ మందు కొట్టే ముందు ఒకసారి, మినుముల సీజను మొదట్లో ఇంకోసారి చూసుకోవాలి.

మరీ బిగించడం కూడా తప్పే. రబ్బరు బుష్ నలిగి బిళ్లలా అయిపోయేదాకా స్క్రూ తిప్పితే అది ఇక రబ్బరు కాదు.

"సాఫ్ట్‌వేరులో ఫిల్టరు పెట్టేస్తే సరి"

ఫిల్టర్లు మంచివే. మోటార్ల చుట్లను బట్టి వాటి అదురును కనిపెట్టి, సరిగ్గా ఆ వేగం దగ్గరే కోసేసే నాచ్ ఫిల్టర్లు ఇప్పుడు మామూలైపోయాయి. కానీ ఫిల్టరు కోయగలిగేది సెన్సరు సరిగ్గా కొలిచినదాన్నే. సెన్సరు తన హద్దు దాటి కొట్టుకుంటుంటే అది పంపేది అబద్ధం. అబద్ధాన్ని ఎంత వడగట్టినా నిజం రాదు. చిప్పు నమూనాలు తీసే వేగంలో సగాన్ని దాటి వచ్చే అదురు ఇంకో దొంగ దారి పడుతుంది. అది మారువేషం వేసుకుని నెమ్మదైన కదలికలా కనపడుతుంది. డ్రోను నిజంగానే మెల్లగా వాలుతోందని సాఫ్ట్‌వేరు నమ్ముతుంది. ఒకసారి నమ్మాక దాన్ని వేరు చేసే ఫిల్టరు లేదు. పైగా ప్రతి ఫిల్టరూ కొంత ఆలస్యాన్ని తెస్తుంది. వరుసగా నాలుగు పెడితే గాలి తెరకు స్పందించడంలో డ్రోను మందగిస్తుంది. ముందు రెక్కలు, బేరింగులు, బిగింపు సరిచేయాలి. మిగిలిన అదురుకే ఫిల్టరు.

"కంపాస్‌దేముంది, డాబా మీద ఓసారి తిప్పేసి పోదాం"

డాబా కాంక్రీటులో ఇనప చువ్వలు ఉంటాయి. ట్రాక్టరు ట్రక్కు ఇనుమే. మడత మంచం ఇనుమే. కాలువ మీది వంతెనలోనూ ఇనుమే. అక్కడ డ్రోనును తిప్పి కంపాస్ క్యాలిబ్రేషన్ చేస్తే, చేలో లేని ఇనుమును లెక్కలోకి తీసుకుని డ్రోను చేలోకి వెళుతుంది. మట్టి గట్టు మీదో, కోత కోసిన మడిలోనో, జేబులో ఫోను, తాళాలు తీసేసి చేయండి.

అసలు మన డెల్టాలో కంపాస్ తప్పు చెప్పడానికి సాకు చాలా తక్కువ. అయస్కాంత భూమధ్యరేఖ దేశానికి దక్షిణ కొసన తిరునల్వేలి దగ్గర పోతుంది. దానికి దగ్గరగా ఉన్నాం కాబట్టి భూమి అయస్కాంత బలం మనకు దాదాపు నేలకు సమాంతరంగా అందుతుంది, కిందకి వాలేది 20 డిగ్రీల లోపే. దిక్కు చెప్పడానికి అక్కరకొచ్చే ఆ సమాంతర బలం ఇక్కడ సుమారు 40 మైక్రోటెస్లాలు. లండన్‌లో అది ఇందులో సగమే ఉంటుంది. భూమి మనకింత సాయం చేస్తున్నా కంపాస్ తడబడుతోందంటే ముందు అనుమానించాల్సింది మనం లాగిన వైరునే.

నిండు బరువుతో నిలబడటానికి బ్యాటరీ నుంచి 80 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. ఒంటరిగా పోతున్న ఒక్క వైరు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఆ కరెంటు పుట్టించే అయస్కాంత బలం 160 మైక్రోటెస్లాలు. భూమి ఇచ్చేదానికి నాలుగు రెట్లు. ఎర్ర వైరు ఒక ఆర్మ్ పక్క నుంచి, నల్ల వైరు ఇంకో పక్క నుంచి లాగితే జరిగేది ఇదే. రెండిటినీ పక్కపక్కనే ఉంచి పురి పెడితే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. కంపాస్ కడ్డీని మోటార్లకూ, బ్యాటరీకీ వీలైనంత ఎత్తున, దూరంగా ఉంచాలి. దానికి ఇనప స్క్రూ వాడకూడదు.

ఇక్కడా అదురు సంగతి ఉంది. పొడుగు సన్నకడ్డీ మీద నిలబెట్టిన కంపాస్ ఎగురుతున్నప్పుడు తల ఊపుతుంటే దిక్కు కూడా దాంతోపాటే ఊగుతుంది. కడ్డీ కొసను వేలితో మీటి చూడండి. టంగుమని వెంటనే ఆగితే మంచిది, ఊగుతూ ఉండిపోతే మందపాటి కడ్డీ వేయాలి. రెండు ఆర్‌టీకే యాంటెన్నాలతో దిక్కు తెలుసుకునే కొత్త డ్రోన్లకైనా ఈ మాట వర్తిస్తుంది. యాంటెన్నాలు నిలబడ్డ కాళ్లు కదిలితే దిక్కూ కదులుతుంది.

కంపాస్ చెడిందని తెలియడానికి గుర్తు సులువే. ఒకచోట నిలబెట్టిన డ్రోను సున్నాలు చుట్టడం మొదలెడుతుంది, సున్నా రానురాను పెద్దదవుతుంది. అంతదాకా రానివ్వకుండా లాగ్‌లోనే పట్టుకోవచ్చు. మోటార్ల పవరు గీతనూ, కంపాస్ అయస్కాంత బలం గీతనూ ఒకే గ్రాఫు మీద వేయండి. పవరు పెరిగినప్పుడల్లా రెండోది కూడా పెరిగో తరిగో దాని వెంట నడుస్తుంటే వైర్ల దారి మార్చాల్సిందే.

"కంపెనీలో టెస్టయి వచ్చింది, మళ్లీ మనకెందుకు?"

కంపెనీలో టెస్టయింది సెన్సరు. మీరు బిగించిన తీరు టెస్టవలేదు. పెద్ద విమానాల్లో కూడా ఈ రెండూ వేరువేరు పనులు. వాలు, దిక్కు చెప్పే పెట్టెను ముందు ప్రయోగశాలలో కంపించే బల్ల మీద బిగించి డీఓ-160 అనే ప్రమాణం ప్రకారం కుదిపి చూస్తారు. విమానంలో అమర్చాక మళ్లీ ఇంజన్లు నడుపుతూ, కరెంటు సామానంతా ఆన్ చేసి, విమానాన్ని దిక్కు దిక్కుకూ తిప్పి కంపాస్ తేడాలు రాసుకుంటారు. అమరిక మారితే ఫలితం ఎంత మారుతుందనేదానికి జెట్ విమానాలు తొలినాళ్లలోనే ఒక పాఠం నేర్పాయి. పిస్టన్ ఇంజన్ల అదురుకు అలవాటుపడ్డ ఆల్టీమీటర్లు జెట్ విమానాల్లో అదురు లేక సూది ఇరుక్కుని తప్పు ఎత్తు చూపేవి. చివరికి సూదిని కదిలించడానికే వాటికి చిన్న వైబ్రేటర్లు తగిలించాల్సి వచ్చింది. పరికరం మంచిదైనా దాన్ని పెట్టిన చోటును బట్టి దాని మాట మారుతుంది.

పరికరాల విలువ బందరుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఇక్కడిదే, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. అలాంటి ఊరి పక్క పొలాల్లో స్పాంజి ముక్క మీద నమ్మకంతో విమానాలు ఎగురుతున్నాయంటే నాకు మనసొప్పదు. విమానాలని ఊరికే అనలేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ దీన్ని మనిషి లేని విమానమనే లెక్కిస్తాయి. టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోనులో కంపెనీ పెట్టిన బిగింపును మన ఇష్టానికి మార్చకూడదు. అది పాడైతే అదే సామాను, అదే పద్ధతిలో వేయించుకోవాలి.

"బండి వెనక కట్టుకుపోతే ఏం కాదు"

మోటారు సైకిలు క్యారేజీకి డ్రోనును రబ్బరు ట్యూబుతో కట్టి గుంటల రోడ్డు మీద పోతుంటారు. 2021లో ఆపిల్ కంపెనీయే తన వినియోగదారులకు మోటారు సైకిలు ఇంజను అదురు ఫోన్ కెమెరాను పాడుచేయవచ్చని హెచ్చరించింది. కెమెరాను నిలకడగా ఉంచే ఏర్పాటు గైరోల మీదా, అయస్కాంత సెన్సర్ల మీదా ఆధారపడి ఉంటుంది కాబట్టే ఆ హెచ్చరిక. మన డ్రోనులోనూ ఇంచుమించు ఆ జాతి సెన్సర్లే. ఆటోలోనో, కారు వెనక సీటులోనో మెత్త వేసి తీసుకెళ్లండి. దారిలో గట్టి కుదుపు తగిలిందనిపిస్తే చేలో దింపాక ముందు నీళ్లతో ఒకసారి ఎగరేయండి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇంకొకటి: "మీకెందుకమ్మా అవన్నీ, బటన్ నొక్కితే అదే కొడుతుంది." నమో డ్రోన్ దీదీ పథకాన్ని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకు 80 శాతం సబ్సిడీతో, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా సాయంతో డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. డ్వాక్రా సంఘాల నుంచి వచ్చిన ఆడవాళ్లు పైలట్ శిక్షణ పొంది సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఇక్కడికి దగ్గర్లో గుంటూరు లాంలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తోంది. ఇంత నేర్చుకున్న మనిషికి అదురు గ్రాఫు చూపించకుండా బటన్ ఒక్కటే చూపించడం ఆమెకూ, ఆమె నెత్తి మీదున్న అప్పుకూ చేసే అన్యాయం. సంఘం లెక్కల పుస్తకాన్ని ఏళ్ల తరబడి రాసిన చేతికి మూడు అంకెలు రాసుకోవడం కష్టమా? డ్రోను చెడితే సంఘం ముందు సమాధానం చెప్పాల్సింది ఆమే. కాబట్టి సర్వీసుకు వచ్చిన కుర్రాడిని ఆమె గట్టిగానే అడగాలి: "నాయనా, నిండు ట్యాంకుతో వైబ్ ఎంత వచ్చింది? క్లిప్పింగ్ సున్నాయేనా?"

"సీజన్లో పరీక్షలంటూ కూర్చుంటే ఎకరాలు పోతాయి" అనేది చివరిది, రైతు వైపు నుంచి కూడా వినపడేది. పొట్ట దశలో సుడిదోమ పడితే ఒక్క రోజు ఆలస్యం కూడా నష్టమే, కాదనను. కానీ ఈ పరీక్షకు పట్టేది మహా అయితే అరగంట. బ్యాటరీ ఒకటి, రెండు బిందెల నీళ్లు. ఎకరానికి చేతి స్ప్రేయరుతో 150, 200 లీటర్ల నీళ్లు మోసే చోట డ్రోను పది లీటర్లతో పని ముగిస్తుంది. అంటే ఆ పది లీటర్లలో మందు చిక్కగా ఉంటుంది. దిక్కు తప్పిన డ్రోను చిక్కటి మందును పక్క చెరువులో పోస్తే చేపలు, రొయ్యలు పోతాయి. గుడివాడ, కైకలూరు మధ్య వరి మడికీ చెరువుకూ నడుమ ఒక్క గట్టే అడ్డం. ఆ తగవు తీరడానికి ఎన్ని అరగంటలు పడుతుందో అక్కడి రైతులకే ఎక్కువ తెలుసు.

మనుషుల సంగతి కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు డాబాల మీద చిక్కుకుపోయినవాళ్లకు డ్రోన్లతో ఆహారం, మందులు అందించారు. బరువు మోసే డ్రోను మనుషుల తలల మీదుగా పోవాల్సిన రోజు చెప్పి రాదు. పొలం దగ్గరైతే ఎగరేసిన ప్రతిసారీ పిల్లలు మూగుతారు. పరీక్షకు ఎగరేయడం అసలు పని కంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడే బిగించినదేదీ ఇంకా నమ్మదగ్గది కాదు. పిల్లలను గట్టు చివరకు పంపాకే స్విచ్ వేయండి. మీరూ ముప్పై అడుగుల దూరాన నిలబడండి.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏం మార్చారు, నిండు, సగం, ఖాళీ ట్యాంకులతో వచ్చిన మూడు అదురు అంకెలు, క్లిప్పింగ్, కంపాస్ గీత కదిలిందా లేదా, ఇవి రాస్తే చాలు. ఆర్మ్, మోటారు, రెక్క, ఫ్లైట్ కంట్రోలరు, కంపాస్, పంపు, వీటిలో ఏది విప్పినా కొత్త వరస రాయాలి. అంకె ఇంకా 30 లోపే ఉన్నా, నిరుడు 12 ఉన్నది ఈ ఏడు 22కు వచ్చిందంటే ఏదో అరుగుతోంది. ఎక్కడ అరుగుతోందో వెతకడానికి మీకు ఇంకా సమయం ఉంది. ముందు రెక్కలన్నీ తుడిచి చూడండి, తరవాత బేరింగులు, ఆ తరవాత వైర్ల కట్ట.